మోటారు ఎవరు ఆన్ చేశారు? జన్యు నియంత్రణ ప్రాజెక్టుకు పద్ధతి ఎంచుకునే ముందు

ప్రతి ఏడాది ఎమ్మెస్సీ నాలుగో సెమిస్టర్ మొదలు కాగానే పిల్లలు నా గదికి వస్తారు. వచ్చీ రాగానే చెప్పేది టెక్నిక్ పేరు. "సార్, నేను క్రిస్పర్ చేస్త." "సార్, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేద్దామనుకుంటున్న." దేనికోసమమ్మా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. సిలబస్‌లో టెక్నిక్‌లన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎప్పుడు డబ్బు దండగో చెప్పే చాప్టర్ మాత్రం ఉండదు. నల్లగొండలోనో పాలమూరులోనో చదువుతూ, చేతిలో ఐదారు నెలల టైమూ, డిపార్ట్‌మెంట్‌లో డీఎన్‌ఏ నకళ్లు పెంచే ఒక పీసీఆర్ మెషీనూ, డీఎన్‌ఏను సైజు ప్రకారం విడదీసే ఒక జెల్ ట్రే ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు జన్యు నియంత్రణ సంగతి పొలం భాషలో చూద్దాం. వరి మొక్క వేరులో, ఆకులో, పూతలో ఉన్న డీఎన్‌ఏ ఒక్కటే. అయినా వేరు వేరులాగే ఉంటుంది, ఆకు ఆకులాగే ఉంటుంది. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు, ఎంత జోరుగా పనిచేయాలన్నదే తేడా. జన్యువును బోరు మోటారు అనుకోండి. దాని ముందుండే ప్రమోటర్ స్టార్టర్ డబ్బా. ఆ డబ్బా మీద చెయ్యి వేసే ప్రొటీన్లు ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు. మోటారు తిరిగితే పైపులో వచ్చే నీళ్లు ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు నుంచి తీసిన నకలు. ఆ నీళ్లు మడికి చేరి పైరు తాగితేనే ప్రొటీన్. పైపు మధ్యలో పగిలితే మోటారు ఎంత తిరిగినా మడి తడవదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చేసేది అలాంటి పనే. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ 1993లో ఓ చిన్న పురుగులో కనిపెట్టిన ఈ సంగతికి 2024లో నోబెల్ వచ్చింది. కొన్ని జన్యువులకు ఆటో స్టార్టర్ ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటాయి. మన చేలల్లో వేసే బీటీ పత్తిలో పురుగును చంపే జన్యువుకు తగిలించింది అలాంటిదే: కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసుకున్న 35ఎస్ ప్రమోటర్.

ఇక దొంగ కథ. మిర్యాలగూడ వైపు సాంబమసూరి వేసిన రైతుకు ఎండాకు తెగులు కొత్త కాదు. గాలివాన తర్వాత ఆకు కొస నుంచి అంచుల వెంట పసుపు తిరిగి, గడ్డిలా ఎండుతూ కిందికి దిగుతుంది. దీన్ని తెచ్చే జాంతోమోనాస్ బ్యాక్టీరియా తన ప్రొటీన్ ఒకటి మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్ నేరుగా వెళ్లి వరిలోని స్వీట్11 అనే జన్యువు స్టార్టర్ నొక్కుతుంది. స్వీట్11 చక్కెరను కణం బయటికి తోడే పంపు. బయట కాచుకుని ఉన్న బ్యాక్టీరియాకు విందు భోజనం. రాత్రిపూట ఎవడో మన బావి దగ్గరికొచ్చి, మన మోటారు ఆన్ చేసి, తన మడికి నీళ్లు పారించుకున్నట్టు.

ఆ స్వీట్11కే ఎక్స్‌ఏ13 అనే నిరోధక రూపం ఉన్న వరిలో మోటారు అలాగే ఉంది, స్టార్టర్ డబ్బా మారింది. దొంగ వేలు పెట్టే చోటు అక్కడ లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తయారు చేసి, 2008లో విడుదలైన మెరుగైన సాంబమసూరిలో మూడు నిరోధక జన్యువులున్నాయి. ఎక్స్‌ఏ13 వాటిలో ఒకటి. ఎక్స్‌ఏ5 కూడా నియంత్రణ కథే: జన్యువులను చదివే యంత్రంలోని ఒక ప్రొటీన్ ముక్కలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. మూడోదైన ఎక్స్‌ఏ21 మాత్రం గుమ్మం దగ్గర కాపలా కాసే రకం. అంటే మూడింట్లో రెండు, జన్యువు ఎలా ఆన్ అవుతుందన్న దగ్గరే తెగులును ఆపుతున్నాయి. మన కంచంలోకొచ్చే అన్నం వెనక ఇంత కథ ఉందని క్లాసులో చెబితే వెనక బెంచీ కూడా ఫోను పక్కన పెడుతుంది.

ఇప్పుడు బావి దగ్గరికి వెళ్లిన రైతు ఏమేం అడుగుతాడు? నీళ్లు ఎంత పోయాయి? స్టార్టర్ సరిగ్గానే ఉందా? దాని మీద చెయ్యి వేసింది ఎవరు? మోటారే పీకేస్తే ఏమవుతుంది? మాలిక్యులర్ జెనెటిక్స్ టెక్నిక్‌లన్నీ ఈ నాలుగు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబిచ్చేవే. నాలుగింటికీ కలిపి చెప్పే టెక్నిక్ ఇంకా పుట్టలేదు. మీది ఏ ప్రశ్నో తేలితే సగం లిస్టు తనంతట తానే కొట్టుకుపోతుంది.

నీళ్లు ఎంత పారాయి?

పాత పుస్తకాల్లో మొదట కనిపించేది నార్తర్న్ బ్లాట్. 1977 నాటిది. ఆర్‌ఎన్‌ఏను జెల్‌లో నడిపి, పొర మీదికి దించి, దానికి అతుక్కునే గుర్తు ముక్క (ప్రోబ్)తో గుర్తుపట్టడం. ఆర్‌ఎన్‌ఏ సైజు కూడా కనిపిస్తుందన్నది దాని మంచి గుణం. కానీ ఆర్‌ఎన్‌ఏ చాలా కావాలి, చాకిరీ ఎక్కువ. ఇప్పుడు ఎమ్మెస్సీలో దాన్ని మొదలుపెట్టమని నేనైతే చెప్పను. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ నకలు (సీడీఎన్‌ఏ)గా మార్చి పెంచే మామూలు ఆర్‌టీ-పీసీఆర్ చేసి జెల్ మీద బ్యాండ్ లావు చూసి "పెరిగింది" అనడం ఇంకా మన దగ్గర నడుస్తోంది. జన్యువు ఆన్‌లో ఉందా లేదా అన్నంతవరకు పర్వాలేదు. ఎంత పెరిగిందో చెప్పాలంటే నమ్మలేం, ఎందుకంటే ముప్పై అయిదు సైకిళ్లు తిరిగేసరికి తక్కువున్నదీ ఎక్కువున్నదీ ఒకే లావు బ్యాండ్ ఇస్తాయి.

అసలు పోటీ క్యూపీసీఆర్‌కూ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కూ మధ్యనే.

క్యూపీసీఆర్‌లోనూ ముందు ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా మారుస్తారు. ప్రతి సైకిల్‌కు ఆ డీఎన్‌ఏ రెట్టింపవుతుంటే మెషీన్ ఆ వెలుగును కొలుస్తుంటుంది. వెలుగు ఒక గీత దాటిన సైకిల్ నంబరే సీటీ. సీటీ ఒకటి తగ్గితే మొదట్లో ఉన్నది రెండింతలు, పది తగ్గితే దాదాపు వెయ్యింతలు. చూడటానికి ఇంత తేలిక కాబట్టే తప్పులూ తేలికే. ఒక లెక్క చూడండి. తెగులు సోకిన ఆకులో మీ జన్యువు సీటీ 22, సోకని ఆకులో 27. తేడా అయిదు కాబట్టి 32 రెట్లు పెరిగిందని ఎగిరి గంతేస్తారు. కానీ ఎప్పుడూ ఒకేలా ఉండాల్సిన రిఫరెన్స్ జన్యువు సోకినదాంట్లో 18, సోకనిదాంట్లో 20 వచ్చింది. అంటే రెండో ట్యూబులో మీరు వేసిన ఆర్‌ఎన్‌ఏనే తక్కువ. సరిచేస్తే ఒకవైపు 4, ఇంకోవైపు 7. తేడా మూడు, పెరుగుదల 8 రెట్లు. 32 ఎక్కడ, 8 ఎక్కడ! రిఫరెన్స్‌గా అందరూ యాక్టిన్ జన్యువు వాడారు కాబట్టి మేమూ వాడాం అనే థీసిస్‌లు చాలా చూశాను. మీ ప్రయోగంలో యాక్టిన్ నిజంగా కదలకుండా ఉందా అని ముందు చూసుకోండి. వీలైతే రెండు రిఫరెన్సులు పెట్టుకోండి.

96 గుంటల ప్లేటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 12 శాంపిళ్లు, 4 జన్యువులు, ఒక్కోటి రెండేసి సార్లు అంటే 96. ప్లేటు నిండిపోయింది, కంట్రోళ్లకు గుంట మిగల్లేదు. 3 జన్యువులకు దిగితే 72. ఆర్‌ఎన్‌ఏ ఏమీ వేయని కంట్రోలు ప్రతి జన్యువుకూ రెండేసి 6, సీడీఎన్‌ఏగా మార్చని ఆర్‌ఎన్‌ఏ కంట్రోలు ప్రతి శాంపిల్‌కూ ఒకటి చొప్పున 12. మొత్తం 90. ఆరు గుంటలు చేయి జారినప్పటికి. ఆ రెండో కంట్రోల్‌ను వదిలేయకండి. ఆర్‌ఎన్‌ఏతో పాటు వచ్చేసిన డీఎన్‌ఏ కూడా అచ్చం జన్యువు పనిచేస్తున్నట్టే వెలుగుతుంది. దాన్ని పట్టించేది అదొక్కటే.

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ దారి వేరు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందా? ఒక్కరోజులో ఇంటింటికీ వెళ్లి అందరినీ రాసుకున్నారు. ఇది అలాంటి సర్వే. శాంపిల్‌లో ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏలన్నిటినీ ముక్కలుగా చదివి, ఏ జన్యువువి ఎన్ని ముక్కలున్నాయో లెక్క తీస్తుంది. మామూలు పోలికకు శాంపిల్‌కు రెండు మూడు కోట్ల రీడ్స్ (చదివిన ముక్కలు) తీసుకుంటారు. క్యూపీసీఆర్ అంటే ఫలానా ఇంటికే వెళ్లి తలుపు కొట్టడం. ఎవరి ఇంటికి వెళ్లాలో తెలిసినప్పుడు ఊరంతా సర్వే చేయడం దేనికి? ఎవరింటికి వెళ్లాలో తెలియకుండా ఒక్క తలుపు కొట్టి ఏం లాభం?

మిర్యాలగూడ వరి ప్రశ్నకు స్వీట్11 పేరు ముందే తెలుసు. కాబట్టి క్యూపీసీఆర్. పాలమూరు ఆముదానికి వస్తే కథ మారుతుంది. హైబ్రిడ్ విత్తనం తయారీకి ఆడపూలే పూసే లైన్లు వాడతారు. ఎండలు ముదిరితే వాటిల్లో కొన్ని మగపూలు వేయడం మొదలుపెడతాయి, విత్తనం కల్తీ అవుతుంది. ఆముదం మీద పనిచేసే పాలెం పరిశోధన స్థానం వైపు వెళ్తే ఈ మాట ఎవరైనా చెబుతారు. మొక్క అదే, డీఎన్‌ఏ అదే, వేడికి పువ్వు లింగం మారింది. ఇంతకంటే అచ్చమైన జన్యు నియంత్రణ ప్రశ్న ఉండదు. ఇక్కడ ఏ జన్యువును అడగాలో మీకు ముందే తెలియకపోతే సర్వేనే సరైనది. సర్వేలో తేలిన వాటిల్లో నాలుగైదింటిని వేరే మొక్కల్లో క్యూపీసీఆర్‌తో సరిచూసుకుంటారు.

రెండిట్లోనూ మనవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. ఒకే ఆకు ఆర్‌ఎన్‌ఏను మూడు గుంటల్లో పోసి "మూడు రెప్లికేట్లు" అంటారు. ఒకే కుండలో మూడు మెతుకులు పట్టి చూసి మూడిళ్లలో అన్నం ఉడికిందని చెప్పినట్టు ఉంటుంది అది. మూడు వేర్వేరు మొక్కలు కావాలి. డబ్బు చాలక సీక్వెన్సింగ్‌కు ఒక్కో రకం నుంచి ఒక్కో శాంపిలే పంపిద్దాం అనుకుంటే, ఆ డబ్బుతో క్యూపీసీఆర్ సరిగ్గా చేసుకోవడం మేలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఒక మాట మర్చిపోకూడదు. ఇవి నీళ్లను కొలుస్తాయి, పంటను కాదు. ప్రొటీన్ నిజంగా పెరిగిందా అంటే వెస్టర్న్ బ్లాట్ కావాలి. దానికి ఆ ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ కావాలి. మనుషుల, ఎలుకల ప్రొటీన్లకు అవి బజార్లో దొరుకుతాయి. వరి, ఆముదం ప్రొటీన్లకు చాలాసార్లు దొరకవు.

శాంపిల్ దారిలోనే పోతే

ఏ టెక్నిక్ మంచిదన్న చర్చ అంతా ఆర్‌ఎన్‌ఏ బతికుంటేనే. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో ఒక మే నెలలో పొలంలో ఆకులు కోసి, థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసి, ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ బయల్దేరాను. నూరు కిలోమీటర్లే కదా అనుకున్నాను. దారిలో బస్సు పాడైంది. ఇంకో బస్సు దొరికి ల్యాబు చేరేసరికి డబ్బాలో ఉన్నది గోరువెచ్చని నీళ్లు. మర్నాడు జెల్ మీద ఆర్‌ఎన్‌ఏ బాగుంటే రెండు రైబోజోమల్ బ్యాండ్లు స్పష్టంగా కనిపించాల్సిన చోట కింది దాకా పూసిన సున్నంలా మరక. సీజన్ అయిపోయింది, ఏడాది పోయింది.

ఆకు కోసిన క్షణం నుంచే దానిలోని ఆర్‌ఎన్‌ఏస్ ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను నమిలేయడం మొదలుపెడతాయి. మన చేతి చెమటలోనూ అవి ఉంటాయి, మరగబెట్టినా చావవు. ఐసు సరిపోదు, ద్రవ నైట్రోజన్ కావాలి. అది నల్లగొండలో ఎక్కడ దొరుకుతుంది అంటారా? పశువులకు ఇంజెక్షన్లు వేసే గోపాలమిత్రలను చూడండి. వీర్యపు స్ట్రాలు పెట్టుకునే వాళ్ల క్యాన్లలో ఉండేది ద్రవ నైట్రోజనే. వాళ్లకు అది ఎక్కడి నుంచి, ఏ రోజు వస్తుందో అడిగితే మీకూ దారి దొరుకుతుంది. కుదరకపోతే ఆర్‌ఎన్‌ఏ లేటర్ లాంటి ద్రావణాలున్నాయి. అందులో మునిగిన కణజాలం 37 డిగ్రీల దగ్గర ఒక రోజు, 25 దగ్గర వారం, ఫ్రిజ్‌లో నెల నిలుస్తుంది. అయితే మైనం పూత ఉన్న ఆకుల్లోకి అది తేలిగ్గా ఇంకదు. సన్నగా తరిగి వేయాలి.

ఇంకొకటి. మంచి మొక్కల ఆకులు పొద్దున ఎనిమిదింటికి, తెగులు మొక్కల ఆకులు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక కోస్తారు. మొక్కలో చాలా జన్యువులు పొద్దుతో పాటు ఎక్కిదిగుతుంటాయి. మీరు కొలిచింది తెగులు ప్రభావమా, మధ్యాహ్నం ప్రభావమా? ఆ చిక్కు తర్వాత ఏ స్టాటిస్టిక్స్‌తోనూ విడిపోదు.

స్టార్టర్‌కు బల్బు కట్టి చూడటం

ప్రమోటర్ గురించే మీ ప్రశ్న అయితే మోటారు విప్పేసి స్టార్టర్‌కు బల్బు కడతారు. బల్బు వెలిగితే స్టార్టర్ పనిచేస్తున్నట్టు. ఆ బల్బే రిపోర్టర్ జన్యువు.

మూడు బల్బుల్లో దేన్ని కట్టాలి? ఎక్కడ ఆన్ అయిందో కంటితో చూడాలంటే మొక్కల్లో గస్. ఈ. కోలై బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమ్ కాబట్టి మొక్కకు సొంతంగా అది పెద్దగా ఉండదు. వేరు కొసలో, ఈనెలో నీలం రంగు తేలితే అక్కడ ప్రమోటర్ పనిచేసినట్టు. మామూలు మైక్రోస్కోపు చాలు. కానీ రంగు వేయాలంటే కణజాలాన్ని చంపాలి, కాబట్టి అదే మొక్కను రేపు మళ్లీ చూడలేరు. బతికున్న కణంలోనే చూడాలంటే జీఎఫ్‌పీ, జెల్లీ చేప నుంచి వచ్చిన పచ్చ వెలుగు ప్రొటీన్, 2008 కెమిస్ట్రీ నోబెల్ దీనిదే. దానికి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కావాలి. పైగా ఆకుల్లో క్లోరోఫిల్ తన ఎర్ర వెలుగుతో అడ్డమొస్తుంది. ఎంత బలంగా ఆన్ అయిందో అంకెలో కావాలంటే మిణుగురు పురుగు లూసిఫరేజ్ మంచిది. తెగులు ప్రమోటర్ల విషయంలో నా ఓటు దీనికే. పక్కనే రెనిల్లా అనే ఇంకో లూసిఫరేజ్‌ను కొలమానంగా పెట్టుకుంటే ఒక ఆకుకూ ఇంకో ఆకుకూ మధ్య వచ్చే తేడాలు సర్దుకుంటాయి. అడవి పొగాకు జాతి నికోటియానా బెంథామియానా ఆకుల్లోకి, మొక్క కణాల్లోకి డీఎన్‌ఏ మోసుకెళ్లే ఆగ్రోబ్యాక్టీరియాతో ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో ఫలితం. వరిలో ట్రాన్స్‌జెనిక్ (బయటి జన్యువు చేర్చిన మొక్క) చేయడానికి పట్టే నెలలు మిగులుతాయి.

మామూలు ప్రమోటర్ ఒక ఆకులో, ఎక్స్‌ఏ13 ప్రమోటర్ ఇంకో ఆకులో పెట్టి, రెండిటికీ బ్యాక్టీరియా ప్రొటీన్ అందిస్తే మొదటిది వెలుగుతుంది, రెండోది వెలగదు. స్టార్టర్‌లోనే తేడా ఉందని దీంతో తేలుతుంది. క్యూపీసీఆర్ ఎంత చేసినా ఈ మాట తేల్చలేదు. ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గడానికి పైపు పగలడం కూడా కారణం కావచ్చు కదా. ఒక్క లోటు: బల్బు కట్టిన స్టార్టర్ తన సొంత చోట లేదు. క్రోమోజోమ్‌లో దాని చుట్టూ ఉండే చుట్టలు, దూరం నుంచి అజమాయిషీ చేసే ఎన్‌హాన్సర్లు ఇక్కడ ఉండవు.

చెయ్యి ఎవరిది?

దీనికి రెండు పద్ధతులు ప్రసిద్ధం. ఎంసాలో ప్రమోటర్ ముక్కనూ ప్రొటీన్‌నూ ట్యూబులో కలిపి జెల్‌లో నడుపుతారు. ప్రొటీన్ పట్టుకున్న డీఎన్‌ఏ బరువెక్కి వెనకబడుతుంది. జెల్ సెటప్ ఉన్న మన ల్యాబుల్లో చేయదగ్గ పనే, కానీ శుద్ధి చేసిన ప్రొటీన్ ఉండాలి. ట్యూబులో పట్టుకుంది కాబట్టి కణంలోనూ పట్టుకుంటుందని మాత్రం రాయకండి. కణంలోనే చూడాలంటే చిప్: ఫార్మాల్డిహైడ్‌తో ప్రొటీన్‌ను డీఎన్‌ఏ మీదే అతికించి, డీఎన్‌ఏను ముక్కలు చేసి, యాంటీబాడీతో ఆ ప్రొటీన్‌ను లాగితే అది పట్టుకున్న ముక్కలు వెంట వస్తాయి. దొంగను చెయ్యి స్టార్టర్ మీద ఉండగానే పట్టుకోవడమన్నమాట. ఒక్క ప్రమోటర్ గురించే అయితే వచ్చిన ముక్కలను క్యూపీసీఆర్ చేస్తే చాలు, జీనోమ్ అంతా కావాలంటే ఆ ముక్కలన్నిటినీ సీక్వెన్సింగ్‌తో చదివే చిప్-సీక్. రెండిటికీ ప్రాణం యాంటీబాడీలోనే ఉంది. అది లేదంటే ప్రొటీన్‌కు ట్యాగ్ తగిలించాలి, అంటే మళ్లీ ట్రాన్స్‌జెనిక్. సొంత యాంటీబాడీ చేతిలో లేని ఎమ్మెస్సీ విద్యార్థి చిప్ జోలికి పోవద్దు.

మన దొంగ విషయంలో ఒక అదృష్టం ఉంది. జాంతోమోనాస్ ఎక్కించే ఈ టాల్ ప్రొటీన్లు డీఎన్‌ఏలో ఏ అక్షరాల వరసను పట్టుకుంటాయో వాటి నిర్మాణంలోనే రాసి ఉంటుంది. ఆ సంకేతాన్ని 2009లో రెండు బృందాలు విడివిడిగా విప్పాయి. అప్పటినుంచి కంప్యూటర్ ముందు కూర్చునే, ఏ ప్రొటీన్ ఏ స్టార్టర్‌ను నొక్కే అవకాశం ఉందో ఊహించవచ్చు.

అటాక్-సీక్, బైసల్ఫైట్ సీక్వెన్సింగ్ గురించి కూడా అడుగుతారు. మొదటిది స్టార్టర్ డబ్బా మూత తెరిచి ఉందా అని, రెండోది డబ్బాకు మిథైల్ తాళం పడిందా అని చూస్తుంది. మంచి టెక్నిక్‌లే, పీహెచ్‌డీకి దాచుకోండి.

మోటారు పీకేస్తే?

ఇంతవరకు చూసినవి ఎక్కువగా పక్కన నిలబడి గమనించేవి. తెగులు వచ్చినప్పుడు స్వీట్11 పెరిగిందంటే, దానివల్లే తెగులు వచ్చిందని అర్థం కాదు. కారణం అని చెప్పాలంటే ఆ జన్యువు మీద చెయ్యి చేసుకోవాలి.

ఆర్‌ఎన్‌ఏఐ (ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్)లో మోటారు ఉంటుంది, నీళ్లు మాత్రం పైపులోనే కారిపోతాయి. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో పురుగుల్లో చూపించారు, 2006లో నోబెల్. జన్యువు పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. పూర్తిగా ఆపితే మొక్కే చచ్చిపోయే జన్యువులకు ఇదే దిక్కు. ఒకదానికి పెట్టిన గురి పోలిక ఉన్న ఇంకోదానికి తగిలే ప్రమాదం మాత్రం ఉంది. క్రిస్పర్ మోటారునే పాడు చేస్తుంది, మార్పు శాశ్వతం, తర్వాతి తరానికీ వెళ్తుంది. ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా 2012లో చూపిన ఈ కత్తెరకు 2020లో నోబెల్.

మరి స్వీట్11ను క్రిస్పర్‌తో తీసేస్తే ఎండాకు తెగులు పీడ వదులుతుంది కదా? మా క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. 2006లోనే ఈ జన్యువును ఆర్‌ఎన్‌ఏఐతో అణిచి చూశారు. బ్యాక్టీరియా నిలవలేదు నిజమే, కానీ పుప్పొడి సరిగ్గా తయారు కాలేదు, గింజ పట్టడం తగ్గింది. ఆ పంపు పుప్పొడికి తిండి చేరవేసే పని కూడా చేస్తోందన్నమాట. దొంగ భయానికి మోటారు పీకేస్తే మన పొలమే ఎండింది. అందుకే తర్వాత వచ్చినవాళ్లు జన్యువును వదిలేసి ప్రమోటర్‌లో దొంగ పట్టుకునే ఆ కొద్ది అక్షరాలనే క్రిస్పర్‌తో మార్చారు. ప్రకృతి ఎక్స్‌ఏ13లో ఎప్పుడో చేసి పెట్టిన పని అదే. మీ జన్యువుకు ఇంకో ఉద్యోగం ఉందేమో చూడకుండా నాకౌట్‌కు, అంటే జన్యువును పూర్తిగా ఆపేయడానికి, దిగకండి.

క్రిస్పర్ మీద మోజుకు కారణం ఉంది. రాజేంద్రనగర్‌లోనే సాంబమసూరిని ఎడిట్ చేసి తెచ్చిన కమల అనే రకాన్ని 2025 మేలో ప్రకటించారు. బయటి జన్యువు చేర్చని ఇలాంటి ఎడిటింగ్‌కు 2022లో నిబంధనలు సడలించారు, అయినా సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ గడప దాటాల్సిందే. కత్తెరకు చోటు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ డిజైన్, టిష్యూకల్చర్, మొక్క తిరిగి పెరగడం, తర్వాతి తరం గింజ: వరిలోనే ఇది ఒక సెమిస్టర్‌లో తేలదు. ఆముదమైతే టిష్యూకల్చర్‌లో మొండికేస్తుంది, అసలే వద్దు.

మెషీన్లే లేకపోతే

డిగ్రీ కాలేజీ ల్యాబులోనూ జన్యు నియంత్రణను కళ్లారా చూడొచ్చు. జాకబ్, మోనో 1961లో లాక్ ఒపెరాన్ (బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను వాడుకునే జన్యువుల గుంపు)తో చెప్పిందే మళ్లీ చేయండి. హాని చేయని ఈ. కోలై కే-12, లాక్టోజ్‌లా నటించే ఐపీటీజీ, ఎంజైమ్ తగలగానే పసుపు రంగు తేలే ఓఎన్‌పీజీ, 420 నానోమీటర్ల ఫిల్టర్ ఉన్న కలరిమీటర్. అంతే. ఐపీటీజీ వేసిన ట్యూబు పసుపెక్కుతుంది, గ్లూకోజ్ కూడా కలిపిన దాంట్లో రంగు తగ్గుతుంది. అరకొరగా చేసిన సీక్వెన్సింగ్ ప్రాజెక్టు కంటే ఇదే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

ఇంకో దారి, ఇతరులు చేసి ఉచితంగా పెట్టిన డేటా. జియో, ఎస్‌ఆర్‌ఏ అనే నిల్వల్లో వరి డేటా కుప్పలుగా ఉంది. గెలాక్సీ అనే ఉచిత సర్వర్ మీద విశ్లేషిస్తే లెక్కలన్నీ అక్కడే జరుగుతాయి, మీ పాత ల్యాప్‌టాప్ బ్రౌజర్ తెరిస్తే చాలు.

ఈ ఏడాది ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగే చేస్తానని పట్టుబట్టిన చందూరు అమ్మాయి ఆ దారిలోనే వెళ్తోంది. తన ప్రశ్న ఊరిదే: ఫ్లోరైడ్ నీళ్లు పోస్తే వరి మొలకలో ఏ జన్యువులు మారతాయి? ఉచిత డేటాలో ఉప్పు, కరువు ఒత్తిళ్లకు స్పందించిన జన్యువులు చూసి రెండింటిని ఏరుకుంది, మూడోది రిఫరెన్స్. సోడియం ఫ్లోరైడ్ వేస్తే సోడియం కూడా వెళ్తుంది కదా, అందుకు అంతే సోడియం ఉన్న మామూలు ఉప్పు నీళ్ల సెట్టు ఒకటి. "మా బోరు నీళ్లే పోస్తే కాదా సార్?" అంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే ఉండదు, ఏది ఏం చేసిందో తేలదన్నాను. అయినా తన మనసు అక్కడే ఉందని, అదీ నాలుగో సెట్టుగా పెట్టించాను. వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నాలుగు సెట్లు, మూడేసి చొప్పున 12 కప్పులు. సరిగ్గా మన 90 గుంటల ప్లేటు. 12 చాలా అని అడిగితే 16 పెట్టమన్నాను, సెట్టుకొకటి ఎలుకల వాటా.